14 పుస్తకాలు కొన్నాను, ఒక్కటీ పూర్తి కాలేదు. ఏం చదవమంటావు అక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత మెకానికల్‌లో బీటెక్. అమీర్‌పేటలో జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాను. నాలుగేళ్లుగా ఒక బ్యాంకు అప్లికేషన్‌కి ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తున్నా. రాత్రి బ్యాచ్ జాబ్ (రోజు లెక్కలన్నీ ఒకేసారి చేసే ప్రోగ్రామ్) ఫెయిలైతే రీస్టార్ట్ చేయడం, టికెట్ క్లోజ్ చేయడం, ఇదే పని. ఒక జాబ్ అయితే ప్రతి మంగళవారం రాత్రీ ఆగుతుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. డెవలప్‌మెంట్‌లోకి మారాలని ఇప్పటికి 14 పుస్తకాలు కొన్నాను, లిస్టు పంపుతున్నా. ఒక్కదాంట్లోనూ 40 పేజీలు దాటలేదు. ఇంగ్లీషు చదవడం నాకు చాలా స్లో. ఈలోపు ఏఐ వచ్చి మాలాంటి ఉద్యోగాలే ముందు పోతాయని అందరూ భయపెడుతున్నారు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పగటి షిఫ్టు ఉన్న వారాల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గానికి మెట్రోలో వెళ్లొస్తా, ఆ టైములో చదువుకోవచ్చు. సాఫ్ట్‌వేర్, సైన్స్, ఉద్యోగ జీవితం మీద ఏ పుస్తకాలు చదవాలి, ఏ వరుసలో? అసలు పుస్తకాలు అవసరమా, వీడియోలు చాలవా?

సమాధానం:

తమ్ముడూ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

ముందు నీ లిస్టు సంగతి తేల్చేద్దాం. 14లో ఆరు ఇంటర్వ్యూ ప్రశ్నల పుస్తకాలు. మూడు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే జీవితం మారిపోతుందనే రకం, నాలుగింటికి షిఫ్టు ముగించుకుని పడుకునేవాడికి అవి ఎవరు అంటగట్టారో గానీ వాళ్లకో దణ్ణం. రెండు తొమ్మిది వందల పేజీలు దాటినవి, దిండు కింద పెట్టుకోవడానికి తప్ప ఇప్పుడు నీకు పనికిరావు. ఈ పదకొండూ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మేవాళ్లకి ఇచ్చెయ్, ఎంతొస్తే అంత. మిగిలినవి మూడు. ఒకటి ఫ్రెడ్ బ్రూక్స్ రాసిన మిథికల్ మ్యాన్-మంత్, ఇంకోటి మార్టిన్ క్లెప్‌మన్ డేటా సిస్టమ్స్ మీద 2017లో రాసినది, మూడోది కలాంగారి 'ఒక విజేత ఆత్మకథ'. ఈ మూడూ ఉంచుకో, చెప్తాను.

ఇక అసలు విషయం. నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది. రీస్టార్ట్ చేయడం, టికెట్ క్లోజ్ చేయడం, ఇదే పని అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. నీకు ఏ పుస్తకం ఇవ్వాలో నాకు అక్కడే తెలిసింది. నిజానికి అది పుస్తకం కూడా కాదు, ఒక ప్రమాదం మీద రాసిన రిపోర్టు.

థెరాక్-25 అని కేన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం ఒకటుండేది. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసింది. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపల ఆ యంత్రం ఆరుగురికి ఇవ్వాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు ఇచ్చేసింది. కొందరు చనిపోయారు, బతికినవాళ్లు కూడా ఘోరంగా దెబ్బతిన్నారు. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ అనే ఇద్దరు దీన్ని మొదటినుంచీ తవ్వి 1993లో వివరంగా రాశారు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది, నీ స్పీడుకి రెండు ఆదివారాలనుకో.

అందులో టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లో జరిగిన సంగతి చదువుతుంటే నువ్వు నీ సీట్లోనే కూర్చున్నట్టు ఉంటుంది. ఆపరేటర్ అలవాటు కొద్దీ ఎలక్ట్రాన్ బీమ్‌కి బదులు ఎక్స్‌రే అక్షరం కొట్టింది. వెంటనే చూసుకుని, కర్సర్ పైకి తీసుకెళ్లి, సరిదిద్ది, చకచకా మిగతా ఎంటర్‌లు కొట్టేసింది. చేయి తిరిగిన మనిషి, ఎనిమిది సెకన్లలోపే అంతా అయిపోయింది. లోపల యంత్రం అప్పటికింకా అయస్కాంతాలు సర్దుకునే పనిలో ఉంది, ఆ సర్దుబాటుకి ఎనిమిది సెకన్లు పడుతుంది, ఆమె చేసిన మార్పు దానికి పట్టనేలేదు. స్క్రీన్ మీదేమో మార్పు జరిగినట్టే కనిపించింది. బీమ్ ఆన్ చేస్తే మాల్‌ఫంక్షన్ 54 అని ఒక ఎర్రర్ వచ్చి యంత్రం ఆగింది. ఆ నంబరుకి అర్థమేమిటో ఆపరేటర్‌కి పనికొచ్చేలా ఎక్కడా రాసిలేదు. పీ అనే బటన్ నొక్కితే మళ్లీ నడుస్తుంది. ఆ యంత్రం రోజూ ఏదో ఒక ఎర్రర్ ఇస్తూనే ఉండేది, పీ నొక్కితే నడిచేది, ఎప్పుడూ ఏమీ కాలేదు, అందుకని ఆ రోజూ నొక్కింది. గదిలోకి చూసే కెమెరా, లోపలి మాట వినిపించే మైకు ఆ రోజు రెండూ పనిచేయడం లేదు. లోపల ఆ రోగి మొదటి దెబ్బకే ఒళ్లు కాలిపోయినట్టై లేవబోతున్నాడు, అంతలో రెండోది తగిలింది.

కంపెనీ ఇంజనీర్లు వచ్చి చూశారు, ఎర్రర్ మళ్లీ రప్పించలేకపోయారు, ఎక్కువ మోతాదు వెళ్లే అవకాశమే లేదన్నారు. యంత్రం మళ్లీ వాడకంలోకి వచ్చింది. నెల తిరక్కుండానే అదే ఆస్పత్రిలో ఇంకొకరికి అదే జరిగింది. అప్పుడు ఆస్పత్రిలో పనిచేసే ఫిజిసిస్టు, ఆ ఆపరేటర్ కలిసి కూర్చుని, ఆమెకి గుర్తున్నంతవరకు అవే కీలు అదే వరుసలో కొట్టి కొట్టి చివరికి కనిపెట్టారు, వేగంగా కొడితేనే వస్తుందని. కంపెనీవాళ్లు నెమ్మదిగా కొట్టారు, అందుకే వాళ్లకి రాలేదు.

ఇంకో సంగతి. దీనికి ముందు మోడల్ థెరాక్-20లో కూడా ఇదే తప్పు ఉంది. అయినా ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే అందులో విడిగా హార్డ్‌వేర్ అడ్డుకట్టలు ఉండేవి, తేడా వస్తే ఫ్యూజు పోయేది. ఫ్యూజు మార్చుకుని పని చేసుకునేవాళ్లు. కొత్త మోడల్‌లో సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని ఆ అడ్డుకట్టలు తీసేశారు. మెకానికల్ చదివినవాడివి, ఆ పేరా దగ్గర నువ్వు కచ్చితంగా తల పట్టుకుంటావు. మరో ప్రమాదానికి కారణం ఒక బైట్ కౌంటరు, ఒకటొకటిగా పెరుగుతూ 256వ సారికి సున్నా అయ్యేది, సున్నా అంటే అంతా సరిగ్గానే ఉందని అర్థం, దాంతో ఆ ఒక్కసారికి తనిఖీ జరిగేది కాదు.

నీ జాబ్ ఆగితే ఎవరి ప్రాణమూ పోదు, ఒప్పుకుంటా. మహా అయితే ఒక రిటైర్డ్ మాస్టారి పెన్షన్ ఒక పూట ఆలస్యమవుతుంది. అయినా నీ రీస్టార్ట్ బటన్, ఆ పీ బటన్ ఒకటే.

నా సంగతి కూడా చెప్తా, నేనూ సపోర్ట్‌లోనే మొదలుపెట్టాను. నెలాఖరు రాత్రి వడ్డీ లెక్కలేసే జాబ్ ఒకటి రెండు దాటాక ఆగిపోయేది. రన్‌బుక్‌లో, అంటే ఏం ఆగితే ఏం చేయాలో రాసిపెట్టిన కాగితాల్లో, రీస్టార్ట్ చేయమని ఉంది. నాకు కేటీ ఇచ్చినాయన, అంటే పని అప్పగిస్తూ నేర్పినాయన, అదే చెప్పాడు, ఆయనకి కేటీ ఇచ్చినవాళ్లూ అదే చెప్పారట. ఏడు నెలలు అలాగే చేశాను, ఏ నెలా ఎందుకు అని అడగలేదు. ఏడో నెలలో కంగారులో రెండుసార్లు రీస్టార్ట్ చేశా, కొన్ని ఖాతాలకి వడ్డీ రెండుసార్లు పడింది. మర్నాడు పొద్దున జరిగిన మీటింగు గురించి రాయను, గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ తర్వాతే ఒక తెల్లకాగితం తీసుకుని పాత లాగ్‌లలోంచి (ప్రోగ్రామ్ ఎప్పుడేం చేసిందో రాసే ఫైళ్లు) ఆ జాబ్ ఆగిన టైములన్నీ రాశాను. అన్నీ 2:10కీ 2:25కీ మధ్యే. ఆ టైములో ఇంకేం నడుస్తోందని నలుగుర్నీ అడిగితే, పక్క టీమ్‌వాళ్ల బ్యాకప్ ఒకటి నెలాఖరుకి అదే టేబుల్‌ని లాక్ చేస్తోందని తేలింది. ఆ టీమ్ మా వెనక వరసలోనే కూర్చునేది! బ్యాకప్‌ని గంట వెనక్కి జరిపారు, అంతే, మళ్లీ ఆగలేదు. నాకు అవార్డేమీ రాలేదు, పైగా టికెట్లు తగ్గాయని మా మేనేజర్ కాస్త దిగాలుపడ్డాడు, బిల్లింగ్ టికెట్ల లెక్కన మరి. కానీ డెవలప్‌మెంట్ టీమ్‌లో ఒకాయన ఆ కాగితం చూశాడు. ఆర్నెల్ల తర్వాత వాళ్ల టీమ్‌లో ఖాళీ వస్తే నన్నే అడిగాడు.

నీ క్లెప్‌మన్ పుస్తకం ఉంచుకోమన్నది ఇందుకే. మొదటినుంచి చదవొద్దు, అలాగే మొదలుపెట్టి ఆగిపోయావు. ట్రాన్సాక్షన్ల మీద ఒక అధ్యాయం ఉంది, అదొక్కటీ చదువు. బ్యాంకు సపోర్ట్‌లో నాలుగేళ్లు కూర్చున్నవాడికి లాకులు, సగంలో ఆగిన అప్‌డేట్లు, రెండుసార్లు పడిన ఎంట్రీలు చూసిన మొహాలే, పేర్లే కొత్త.

ఇంగ్లీషు స్లో అన్నావు. నేనూ జిల్లా పరిషత్ హైస్కూలే తమ్ముడూ, నాకు మొదట్లో ఒక పేజీకి పావుగంట పట్టేది. టెక్నికల్ పుస్తకాల్లో ఇంగ్లీషు చిన్నది, అవే రెండు మూడు వందల మాటలు తిరిగి తిరిగి వస్తాయి, అందుకే ఏ పుస్తకమైనా మొదటి ముప్ఫై పేజీలే కొండెక్కినట్టు ఉంటుంది. నువ్వు ప్రతిసారీ నలభై దగ్గర ఆపేశావంటే ఎక్కడమంతా ఎక్కి, దిగేచోట వెనక్కి వచ్చేశావన్నమాట. ప్రతి మాటకీ డిక్షనరీ చూడకు, మూడోసారి ఎదురైతే అప్పుడు చూడు. ఒక భాగం అయ్యాక పుస్తకం మూసి, చదివింది తెలుగులో మూడు లైన్లు నోట్‌బుక్‌లో రాయి. మీ అమ్మకి చెప్తున్నట్టు రాయి. రేస్ కండిషన్ అంటే ఏమిటో నాకు ఇంగ్లీషులో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు, పెళ్లి భోజనాలు గుర్తొచ్చాక ఎక్కింది. బంతిలో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది, ఆ చివర్నుంచి ఒకరు, ఈ చివర్నుంచి ఒకరు చూస్తారు, ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది, ఇద్దరూ బయల్దేరతారు. చూడటానికీ కూర్చోవడానికీ మధ్య ఉన్న ఆ నాలుగడుగుల్లోనే గొడవంతా ఉంది. టైలర్‌లో జరిగింది కూడా ఇంచుమించు ఇదే. రాయలేకపోయావంటే అర్థం కాలేదని, ఇంకోసారి చదవాలని, అంతే, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తర్వాత, గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్ అనే పుస్తకం. వాళ్లే నెట్‌లో ఉచితంగా చదువుకోనిచ్చారు, కొనకు. మొత్తం చదవకు కూడా, చాలా భాగం వాళ్లంత పెద్ద కంపెనీలకే పనికొస్తుంది. మూడు అధ్యాయాలు చాలు: టాయిల్ మీద ఒకటి, ఆన్‌కాల్ (ఎప్పుడు పిలిచినా పలకాల్సిన డ్యూటీ) మీద ఒకటి, పోస్ట్‌మార్టమ్ (ఏదైనా ఆగిపోయాక ఎందుకు ఆగిందో రాసే రిపోర్టు) మీద ఒకటి. టాయిల్ అంటే మన భాషలో చాకిరీ. చేత్తో చేసేది, మళ్లీ మళ్లీ చేసేది, మెషీన్‌కి అప్పగించగలిగేది, చేసినా రేపటికి ఏమీ మిగలనిది, సిస్టమ్ పెరిగేకొద్దీ తనూ పెరిగేది. ఇలాంటి పని ఒక ఇంజనీరు టైములో సగం దాటకూడదని వాళ్లు నియమం పెట్టుకున్నారు. మన సర్వీస్ కంపెనీలో ఈ మాటంటే మేనేజర్ నవ్వుతాడు, నాకూ తెలుసు. నువ్వు ఎవరికీ చెప్పొద్దు. రెండు వారాలు నీ షిఫ్టులో ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకో. ఎక్కువ నిమిషాలు తిన్న పని ఏదో చూసి దానికో చిన్న స్క్రిప్టు రాయి, రీస్టార్ట్ చేసేది కాదు, ఆగిన క్షణంలో ఏమేం నడుస్తున్నాయో ఒక ఫైల్లో రాసిపెట్టేది. డెవలప్‌మెంట్‌లోకి వెళ్లడం అంటే మొదటి మెట్టు అదే. పోస్ట్‌మార్టమ్ అధ్యాయం మాత్రం కొంచెం బాధతో చదువుతావు. మన దగ్గర ఆర్‌సీఏ (అసలు కారణం రాసే రిపోర్టు) అంటే ఎవరి మెడకి చుట్టాలా అని వెతికే ఫారం కదా, కారణం దగ్గర మానవ తప్పిదం అని రాసేస్తే ఫైలు మూసుకుంటుంది. గూగుల్‌వాళ్ల పద్ధతిలో మనిషి పేరు లేకుండా కారణం రాయాలి. రాసి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది.

పుస్తకాలకన్నా ముందు చదవాల్సింది నీ అప్లికేషన్ కోడ్. నాలుగేళ్లలో ఎప్పుడైనా తెరిచావా? సపోర్ట్‌వాళ్లకి చదివే వరకు యాక్సెస్ ఇవ్వమంటే చాలా చోట్ల ఇస్తారు, అడిగేవాళ్లే ఉండరు. ఎర్రర్ వచ్చినప్పుడు లాగ్‌లో ఫైలు పేరు, లైను నంబరు కనిపిస్తాయి కదా, ఆ ఫైలు తెరిచి ఆ లైను పైన ఇరవై లైన్లు, కింద ఇరవై లైన్లు చదువు. రోజుకి ఒక్కటి చాలు. ఇంటర్వ్యూలో నిన్ను నిలబెట్టేది అదే, ఆ ఆరు పుస్తకాల్లోని ప్రశ్నలు పక్క కుర్చీలో కూర్చున్నవాడికీ వచ్చు.

మెట్రోకి మాత్రం నీకొక హాయిగా చదువుకునే పుస్తకం చెప్తా, చార్లెస్ పెట్జోల్డ్ రాసిన కోడ్. 1999లో వచ్చింది, 2022లో పెంచి మళ్లీ వేశారు, కొత్తదే కొను. రాత్రిపూట ఎదురెదురు ఇళ్లలో ఉన్న ఇద్దరు పిల్లలు టార్చిలైట్లతో మాట్లాడుకోవడం దగ్గర మొదలవుతుంది. మోర్స్ కోడ్, బ్రెయిలీ, తర్వాత టెలిగ్రాఫ్. దూరం పోయేకొద్దీ టెలిగ్రాఫ్ సంకేతం నీరసపడిపోతుంది కాబట్టి మధ్యలో రిలే పెట్టి మళ్లీ బలంగా పంపేవాళ్లు. ఆ రిలేలనే వేరేగా కలిపితే అండ్, ఆర్ లాంటి లాజిక్ గేట్లు వస్తాయి, వాటిని కలిపితే కూడికలు చేసే యంత్రం వస్తుంది, అలా ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పుస్తకం పూర్తయ్యేసరికి ఒక కంప్యూటర్ కట్టేస్తాడు. మెకానికల్ బీటెక్ వేస్టయిందని అనుకుంటూ ఉంటావు కదా (నువ్వు రాయలేదు, నేనే అనుకుంటున్నా, మెకానికల్ నుంచి వచ్చినవాళ్లందరూ అదే అంటారు), ఇది చదివితే ఆ బెంగ కొంత తీరుతుంది. మధ్యలో కొన్ని సర్క్యూట్ బొమ్మలు బుర్ర తింటాయి, అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు వదిలేసి ముందుకెళ్లిపో, ఫర్వాలేదు.

నిద్ర పట్టడం లేదన్నావు. పడుకునేముందు ఫోన్లో ఏఐ వార్తలు చూస్తుంటే ఎవరికి పడుతుంది? ఆ టైముకి తెలుగులో సైన్స్ చదువు. మహీధర నళినీమోహన్ 'టెలిగ్రాఫ్ కథ', 'కేలెండర్ కథ' అని పిల్లల కోసం రాసినవి ఉన్నాయి, పిల్లలవే కదా అని చులకన చేయకు, టెలిగ్రాఫ్ కథ చదివి పెట్జోల్డ్ దగ్గరికి వెళ్తే సగం దారి నడిచి ఉంటావు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ వ్యాసాలు దొరికితే వదలొద్దు. ఆయన బాబా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త, కుటుంబరావుగారి అబ్బాయి, సితార్ కూడా వాయించేవారు, ఎంత కష్టమైన విషయాన్నైనా అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టు రాస్తారు. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా చేసిన వేమూరి వేంకటేశ్వరరావుగారి 'జీవరహస్యం', 'రసగంధాయ రసాయనం' కూడా. ఇవి ఉద్యోగానికి పనికొస్తాయా అని అడగకు. మాతృభాషలో ఒక శాస్త్ర విషయం పూర్తిగా అర్థమైతే ఎలా ఉంటుందో ఒకసారి తెలిస్తే, ఇంగ్లీషులో చదివింది సగమే అర్థమైందన్న సంగతి నీకే పట్టుబడుతుంది.

ఇప్పుడు ఏఐ భయం. దీనికి మందు నీ దగ్గరే ఉంది, 40 పేజీల దగ్గర ఆపేసిన బ్రూక్స్ పుస్తకం. ఆయన 1960ల్లో ఐబీఎంలో సిస్టమ్/360కి ఆపరేటింగ్ సిస్టమ్ తయారీ నడిపించాడు, అది చెప్పిన టైముకి రాలేదు, ఎందుకు రాలేదో ఆలోచించి 1975లో ఈ పుస్తకం రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులో ఇంకా మనుషుల్ని వేస్తే ఇంకా ఆలస్యమవుతుందన్న మాట అందులోదే. లెక్క వేసుకో, ఐదుగురు ఉంటే మాట్లాడుకోవాల్సిన జంటలు 10, పదిమంది అయితే 45. మీ ప్రాజెక్టులో రిలీజ్ దగ్గర పడ్డాక బెంచ్ మీదనుంచి (ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్లలోంచి) నలుగుర్ని తెచ్చి పడేసినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో, ఆ నలుగురికి కేటీ ఇవ్వడానికే ఉన్నవాళ్ల టైమంతా పోయుంటుంది.

భయం సంగతి అన్నాను కదా. ఆ పుస్తకంలోనే ఒక చిన్న లెక్క ఉంది. ప్రాజెక్టు టైములో మూడో వంతు ఆలోచనకీ ప్లానింగ్‌కీ, నాలుగో వంతు విడివిడి భాగాల టెస్టింగ్‌కీ, మరో నాలుగో వంతు మొత్తం కలిపి టెస్ట్ చేయడానికీ, కోడ్ రాయడానికి ఆరో వంతు మాత్రమే. యాభై ఏళ్ల కిందటి లెక్క, అలాగే వర్తిస్తుందని నేననను. కానీ ఏఐ ఇవాళ బాగా చేస్తున్నది ముఖ్యంగా ఆ ఆరో వంతు పని. మిగిలింది, అంటే ఏం కట్టాలో తేల్చుకోవడం, కట్టింది ఎక్కడ విరుగుతుందో కనిపెట్టడం, అది నీ పక్కకి వస్తోంది. వేరేవాళ్లు రాసిన కోడ్ ఎందుకు ఆగిందో చూడటమే కదా నువ్వు నాలుగేళ్లుగా చేస్తున్నది, చూడకుండా రీస్టార్ట్ కొట్టావు గానీ. ఆయనే 1986లో ఇంకో వ్యాసం రాశాడు, 1995 ఎడిషన్‌లో అది కలిపారు, నీ దగ్గరున్నది ఆ ఎడిషనే అయ్యుంటుంది, చివర్లో చూడు. సాఫ్ట్‌వేర్‌లో కొన్ని కష్టాలు మన పనిముట్లు బాగోక వచ్చేవి, కొన్ని ఆ సమస్యలోనే ఉన్నవి, పనిముట్టు మారితే మొదటి రకమే తగ్గుతుంది అంటాడు. ఏఐతో నేనూ రోజూ పనిచేస్తున్నా, ఆయన మాట ఎక్కడ నిలబడుతోంది, ఎక్కడ బీటలు వారుతోంది అని చూస్తూనే ఉన్నా. నువ్వూ చదివి నీ లెక్క నువ్వు వేసుకో. ఒకటి మాత్రం దాచను: రీస్టార్ట్ కొట్టడం, టికెట్ క్లోజ్ చేయడం, ఈ రెండే పనిగా ఉన్న ఉద్యోగం నిలవదు. దానికి ఏఐ కూడా అక్కర్లేదు, మంచి స్క్రిప్టు చాలు.

పుస్తకం మొత్తం ఏఐకి ఇచ్చి సారాంశం చదువుకుంటే పోలేదా అంటావేమో. థెరాక్ రిపోర్టుకి సారాంశం అడిగి చూడు, రేస్ కండిషన్ వల్ల ప్రమాదం జరిగింది, పరీక్షలు సరిగ్గా చేయాలి అని రెండు లైన్లు వస్తాయి. అవి చదివి నువ్వు పీ నొక్కడం మానవు. అర్థం కాని పేరా పెట్టి తేలిగ్గా చెప్పమని అడుగు, అందుకు అది మంచి మాస్టారు.

కలాంగారి పుస్తకం స్కూల్లో పాఠం చదివినట్టు చదవకు. ఎస్ఎల్‌వీ-3 రాకెట్ భాగం తియ్యి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచి, రెండో దశలో నియంత్రణ వ్యవస్థ పనిచేయక, 317 సెకన్లకి బంగాళాఖాతంలో పడిపోయింది. ఏడాది తిరక్కుండా 1980 జులై 18న అదే రకం రాకెట్ కక్ష్యలోకి వెళ్లింది. ఓడినప్పుడు అప్పటి ఇస్రో అధిపతి ధవన్ విలేకరుల ముందు తను నిలబడ్డాడు, గెలిచినప్పుడు కలాంని పంపాడు అన్న ముక్క నీకు వాట్సాప్‌లో వందసార్లు వచ్చుంటుంది, దాన్ని పక్కన పెట్టు. పడిపోయాక లోపం ఎక్కడుందో ఎలా వెతికారు, నియంత్రణ వ్యవస్థకి కావాల్సిన ఆమ్లం కారిపోయిందని ఎలా తేల్చారు, అది చదువు. దాని పక్కనే, 1986లో ఛాలెంజర్ అనే అమెరికా అంతరిక్ష షటిల్ పేలిపోయాక, ఆ విచారణ నివేదికకి ఫిజిసిస్టు ఫైన్‌మన్ రాసిన అనుబంధం చదువు, అదీ ఉచితమే, చిన్నదే. షటిల్ కూలిపోయే అవకాశం ఎంతని అడిగితే కొందరు ఇంజనీర్లు వందలో ఒకటన్నారు, మేనేజ్‌మెంట్ లక్షలో ఒకటంది. లక్షలో ఒకటంటే రోజుకొకటి చొప్పున మూడు వందల ఏళ్లు ఎగరేస్తే ఒక్కటి పోతుందన్నమాట, ఏం చూసి అంత ధైర్యం అని ఆయన అడుగుతాడు. మీ స్టేటస్ రిపోర్టులో అంతా గ్రీన్‌గా ఎలా ఉంటుందో ఆలోచించుకో. అందులోనే ఆ షటిల్ సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించేవాళ్లను ఆయన మెచ్చుకున్నాడు కూడా, ఆ పేరాలు వెతికి చదువు, అవి నీకోసమే.

ఉద్యోగ జీవితం మీద సలహాల పుస్తకం ఏదీ చెప్పను, అన్నీ ఒకేలా ఉంటాయి. బదులుగా ఒక నిజం కథ, ట్రేసీ కిడ్డర్ 1981లో రాసిన సోల్ ఆఫ్ ఎ న్యూ మెషీన్. పులిట్జర్ వచ్చింది. డేటా జనరల్ అనే కంపెనీలో, ఎక్కువమంది అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్లు, రాత్రింబగళ్లు పనిచేసి ఒక కంప్యూటర్ తయారుచేశారు, ఆయన పక్కనే ఉండి చూస్తూ రాశాడు. ఎందుకంత కష్టపడుతున్నారంటే, పిన్‌బాల్ ఆటలాంటిది, గెలిస్తే వచ్చే బహుమతి ఇంకో ఆట ఆడే అవకాశమే అన్న మాట అందులో వస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, పదేళ్ల తర్వాత చదివితే అదే పేజీలో భయమేసింది. సెకనులో వందకోట్లవ వంతుల్ని లెక్కపెట్టి పెట్టి విసిగిపోయిన ఒక ఇంజనీరు, ఇకమీదట ఋతువుకన్నా చిన్న కాలంతో నాకు పనిలేదని చీటీ రాసిపెట్టి పల్లెకి వెళ్లిపోతాడు. నరసరావుపేట గుర్తొస్తుంది నీకు, రాయదుర్గం స్టేషన్లో దిగుతూ. గుర్తొచ్చినా మంచిదే.

వీడియోలు చాలవా అన్నావు. ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే, స్క్రీన్ మీద ఎక్కడ నొక్కాలో తెలియాలంటే వీడియోనే మేలు, నేనూ చూస్తా. అర్థం కానిచోట ఆగి, రెండు పేజీలు వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చే పని వీడియోతో కుదరదు. ఎదుటివాడు గడగడా చెప్తుంటే మనకీ వచ్చేసినట్టే ఉంటుంది, ఆఫ్ చేశాక చూసుకుంటే చేతిలో ఏమీ ఉండదు.

వరుస అడిగావు కాబట్టి: ఈ ఆదివారం పదకొండు పుస్తకాలూ అబిడ్స్‌లో ఇచ్చేసి ఇంటికొచ్చి థెరాక్ మొదలుపెట్టు. అది అయ్యాక చాకిరీ అధ్యాయం, క్లెప్‌మన్‌లో ఆ ఒక్క అధ్యాయం. మెట్రోలో పెట్జోల్డ్, పడుకునేముందు తెలుగు. బ్రూక్స్, ఫైన్‌మన్, కలాం ఏ వరుసలోనైనా సరే. కిడ్డర్‌ని సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు బస్సులో చదువు. ఇవి అయ్యేదాకా కొత్త పుస్తకం కొనకు, ఆఫర్ ఉన్నా సరే.

ఇంతకీ ఆ మంగళవారం జాబ్ సంగతేమిటి? సోమవారం రాత్రి ఆగనిది మంగళవారమే ఎందుకు ఆగుతోంది? పోయిన ఆర్నెల్ల లాగ్‌లు తీసి, ఆగిన టైములు ఒక కాగితం మీద రాసి, దాని ఫోటో నాకు పంపు. ఖాతా నంబర్లు మాత్రం కనపడనీయకు.